ఫ్రాస్ట్ పడేలోపు తోటలో ముందు ఏవి కోయాలి? దేన్ని ఎలా నిల్వ చేయాలి?

పెరటితీగ అడిగిన ప్రశ్న:

శరదృతువు వచ్చేసింది. రాత్రిళ్ళు 5 డిగ్రీలకు దిగుతోంది, వారంలో తొలి ఫ్రాస్ట్ (ఆకుల మీద మంచు గడ్డకట్టేంత చలి) పడొచ్చని వాతావరణ సూచన. తోటలో ఇంకా టమాటాలు ఉన్నాయి, సగానికి సగం పచ్చివే. క్యాప్సికం, బీన్స్, బేసిల్, గుమ్మడికాయలు, ఒక మడి క్యారెట్, క్యాబేజీలు కూడా ఉన్నాయి. ఉల్లి, ఆలుగడ్డ తవ్వాను గానీ ఇంకా సర్దలేదు.

ఫ్రీజర్ చిన్నది. సీసాల్లో పెట్టి ఉడికించే క్యానింగ్‌కి పెద్ద గిన్నె, సీసాలు, మూతలు ఉన్నాయి, ప్రెజర్ క్యానర్ (ఆవిరి ఒత్తిడితో సీసాలను 100 డిగ్రీల పైన వేడి చేసే పెద్ద పాత్ర) మాత్రం లేదు. అన్నీ ఒకేసారి చేయలేను కాబట్టి ఏది ఆగుతుందో, ఏది ఆగదో చెప్పండి. పచ్చి టమాటాలు ఇంట్లో పండుతాయా? బీన్స్ సీసాల్లో పెట్టొచ్చా?

---

మడిగట్టు:

సూచనలో 2 డిగ్రీలు అని ఉంటే ఫ్రాస్ట్ లేదనుకోకండి. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరు నేలకు ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది. మబ్బు, గాలి రెండూ లేని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది, చల్లగాలి కిందే పేరుకుంటుంది. అందుకే అక్కడ 2 చూపిస్తున్నప్పుడే మీ మొక్క ఆకు మీద సున్నా కావచ్చు. పల్లంలో ఉన్న మడికి ఈ దెబ్బ ముందు తగులుతుంది.

కోతలో బేసిల్ మొదటిది. అది ఫ్రాస్ట్ దాకా కూడా ఆగదు, 10 డిగ్రీల కంటే దిగితేనే ఆకు నల్లబడుతుంది. ఈరోజే కోసేయండి. ఆకుల్ని కొంచెం నూనెతో రుబ్బి, ఐస్ ట్రే గుంతల్లో పోసి గడ్డకట్టించి, ముక్కల్ని సంచిలోకి మార్చుకుంటే చిన్న ఫ్రీజర్‌లో కూడా చోటు సరిపోతుంది. ఎండబెడితే బేసిల్ వాసన చాలావరకు పోతుంది, నా దృష్టిలో ఆ శ్రమ దండగ.

ఆ తర్వాత టమాటా, క్యాప్సికం, బీన్స్. ఇవి సున్నాను తట్టుకోలేవు. గుమ్మడి తీగ ఆకులు మాడిపోయినా కాయ ఒక్క తేలికపాటి ఫ్రాస్ట్‌కి నిలబడొచ్చు. కానీ ఒకసారి చలి తిన్న కాయ నిల్వకు పనికిరాదు, కాబట్టి దాన్ని కూడా ముందే తెంపండి. క్యారెట్, క్యాబేజీల గురించి కంగారు వద్దు. సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగినా ఉంటాయి. పైగా చలికి పిండిపదార్థం చక్కెరగా మారి క్యారెట్ తియ్యబడుతుంది. వాటిని చివరికి వదిలేయండి.

ఒక్క రాత్రే ఫ్రాస్ట్ ఉండి తర్వాత మళ్ళీ వెచ్చబడుతుందంటే కప్పి కాపాడుకోవచ్చు. సాయంత్రమే, నేలలో వేడి ఉండగానే, పాత దుప్పటి నేల అంచుల దాకా దింపి కప్పాలి. మొక్క చుట్టూ మాత్రమే చుడితే లాభం లేదు, కింది నుంచి వచ్చే వేడి లోపల నిలవాలి. ప్లాస్టిక్ షీటైతే ఆకుకు తగలకుండా కర్రలు పాతండి, తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయండి.

పచ్చి టమాటా సంగతి. అన్నీ పండవు. పూర్తి సైజుకు వచ్చి, రంగు ముదురు ఆకుపచ్చ నుంచి కాస్త తెల్లబారినవి పండుతాయి. అనుమానముంటే ఒక కాయ అడ్డంగా కోసి చూడండి. గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తికి గింజలు తెగకుండా పక్కకు జారితే ఆ సైజు కాయలు పండుతాయి. గింజలు కూడా తెగిపోతుంటే అవి లేతవి, ఎన్నాళ్ళు దాచినా ముడతలు పడతాయే తప్ప పండవు. లేతవాటిని వెంటనే కూరకు వాడేయండి.

పండించడానికి వెలుతురు అక్కర్లేదు, కిటికీ దగ్గర పెట్టాల్సిన పనే లేదు. కావలసింది 18 నుంచి 21 డిగ్రీల గది. అక్కడ రెండు మూడు వారాల్లో రంగు తిరుగుతాయి. 13 డిగ్రీల దగ్గరైతే నెమ్మదిగా, నెల దాకా పడుతుంది. కాబట్టి సగం వెచ్చటి గదిలో, సగం చల్లటి గదిలో పెడితే అన్నీ ఒకేసారి మీద పడవు. 10 డిగ్రీల కంటే తక్కువలో మాత్రం పెట్టకండి, ఫ్రిజ్ అసలే వద్దు. ఆ చలికి పండే గుణం దెబ్బతిని, తర్వాత వెచ్చటి చోటికి తెచ్చినా మచ్చలు పడి కుళ్ళుతుంది. తొందరగా కావాలంటే నాలుగు కాయలకు ఒక యాపిల్ చొప్పున కాగితపు సంచిలో వేసి మడిచి పెట్టండి. యాపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పండిస్తుంది. మిగతా కాయలను తొడిమలు తీసి, ఒకే వరుసగా, ఒకదానికొకటి తగలకుండా అట్టపెట్టెలో పరవండి. తొడిమ ఉంచితే అది పక్క కాయకు గుచ్చుకుని అక్కడి నుంచి కుళ్ళు మొదలవుతుంది. ఒక్కో కాయను న్యూస్‌పేపర్‌లో చుట్టి పెడితే ఇంకా మంచిది.

---

సీసామూత:

మడిగట్టు గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన కారణం కలుపుతాను. ఫ్రాస్ట్‌కి చచ్చిన మొక్క మీద మిగిలిన టమాటాను క్యానింగ్‌కి వాడకూడదు. తీగ చచ్చాక కాయలో పులుపు తగ్గుతుంది, టమాటా క్యానింగ్ మొత్తం ఆ పులుపు మీదే ఆధారపడి ఉంది. పచ్చి కాయల్లో పులుపు పండినవాటి కంటే ఎక్కువే కాబట్టి వాటితో ఆ చిక్కు లేదు.

క్షేమానికీ ప్రమాదానికీ మధ్య గీత పీహెచ్ 4.6 దగ్గర ఉంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. అంతకంటే పులుపు తక్కువగా ఉండి, గాలి చొరబడని సీసాలో బోటులిజం (ప్రాణం తీయగల ఆహార విషబాధ) బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మరిగే నీళ్ళ వేడి, అంటే 100 డిగ్రీలు, ఆ బీజాలను చంపలేదు. 116 డిగ్రీలు కావాలి, అది ప్రెజర్ క్యానర్‌లోనే సాధ్యం. టమాటా సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే పులుపు కలపాలి. కొలతలు ఇవి:

లీటరు సీసాకు, అంటే సుమారు 950 మిల్లీలీటర్లు పట్టేదానికి, 2 టేబుల్ స్పూన్ల బాటిల్ నిమ్మరసం, లేదా అర టీస్పూన్ నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్).
అర లీటరు సీసాకు అందులో సగం.

తాజా నిమ్మకాయ పిండకండి. ఒక్కో కాయ పులుపు ఒక్కోలా ఉంటుంది, బాటిల్ రసంలో అది ఒకే స్థాయిలో ఉంచుతారు. పులుపు నచ్చకపోతే వండేటప్పుడు చిటికెడు చక్కెర వేసుకోండి గానీ ఇది తగ్గించకండి. మామూలు ఉప్పు రుచి కోసమే, నిల్వకు దాని పాత్ర ఏమీ లేదు, మానేసినా ఫర్వాలేదు.

చిదిమిన టమాటా చేసే పద్ధతి. లీటరు సీసాకు 1.25 కిలోల పండ్లు లెక్కేసుకోండి. మరిగే నీళ్ళలో అర నిమిషం నుంచి నిమిషం, తోలు పగిలేదాకా ఉంచి చన్నీళ్ళలో వేస్తే తోలు చేత్తోనే ఊడొస్తుంది. తొడిమ దగ్గరి గట్టి భాగం తీసి నాలుగు ముక్కలు చేయండి. ఇక్కడే చాలామంది అన్నీ తరిగి పెట్టుకుని తీరిగ్గా పొయ్యి మీద పెడతారు. ఆ తర్వాత సీసాలో కింద నీళ్ళు, పైన గుజ్జు విడిపోయాయని అడుగుతారు. తరిగిన టమాటాలో ఎంజైములు చిక్కదనాన్నిచ్చే పెక్టిన్‌ను విరగ్గొట్టేస్తాయి, వేడి తగిలితేనే అవి ఆగుతాయి. కాబట్టి ఆరో వంతు ముక్కలను ముందు పొయ్యి మీద పెట్టి, పెద్ద మంట మీద చిదుముతూ మరిగించండి. మిగతావి తరుగుతూ అందులోకే వేస్తూ పోండి, వాటిని చిదమక్కర్లేదు. అన్నీ పడ్డాక 5 నిమిషాలు ఉడికితే చాలు.

వేడి సీసాలో ముందు నిమ్మరసం, తర్వాత వేడి టమాటా. పైన 1.25 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. పుల్లతో పక్కల కదిపి గాలి బుడగలు పోనివ్వండి. అంచు తడిగుడ్డతో శుభ్రంగా తుడవండి, ఒక్క గింజ ఉన్నా మూత పట్టదు. మూత ప్రతిసారీ కొత్తది, దాని చుట్టూ బిగించే రింగు పాతదైనా సరే. రింగును వేళ్ళతో బిగిసేదాకా తిప్పండి, బలమంతా పెట్టి బిగించకండి. లోపలి గాలి బయటికి పోయే దారి ఉండాలి.

గిన్నె అడుగున జల్లెడ బిళ్ళ గానీ గుడ్డ గానీ వేసి, సీసాల మీద కనీసం 2.5 సెంటీమీటర్ల నీళ్ళు నిలిచేలా పోయండి. నీళ్ళు తెర్లినప్పటి నుంచి సమయం లెక్క: లీటరుకు 45 నిమిషాలు, అర లీటరుకు 35. ఇది సముద్రమట్టం నుంచి 300 మీటర్ల ఎత్తు వరకే. 300 నుంచి 900 మీటర్ల దాకా 5 నిమిషాలు, 900 నుంచి 1800 దాకా 10 నిమిషాలు, ఆపైన 15 నిమిషాలు కలపండి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఈ సర్దుబాటు.

దించాక 12 నుంచి 24 గంటలు కదపొద్దు, రింగు మళ్ళీ బిగించొద్దు. తర్వాత మూత మధ్యలో వేలితో నొక్కండి. టక్కుమని కిందికీ పైకీ ఆడితే పట్టలేదన్నమాట. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయండి. పట్టిన సీసాల రింగులు తీసి దాచండి. రింగు ఉంటే కింద తుప్పు పడుతుంది, పైగా మూత వదులైనా తెలియదు. వేడి సీసా తలకిందులుగా పెడితే చాలంటారు కొందరు, ఓవెన్‌లో పెట్టమంటారు ఇంకొందరు. రెండూ వద్దు.

---

పెరటితీగ:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మూడు సందేహాలు. టమాటాతోపాటు ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం వేసి సాస్ చేసి సీసాల్లో పెట్టొచ్చా? ఇంట్లో మామూలు ప్రెజర్ కుక్కర్ ఉంది, బీన్స్‌కి అది సరిపోదా? పైన నూనె పోస్తే గాలి తగలదు కదా, అప్పుడైనా ఆగదా?

---

సీసామూత:

మూడో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఎక్కువ. గాలి తగలకపోవడం బూజుకు అడ్డు. బోటులిజం బ్యాక్టీరియాకు అదే కావాలి, గాలి లేనిచోటే అది పెరుగుతుంది. పచ్చి వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేసి గది ఉష్ణోగ్రతలో ఉంచడం అందుకే చాలా ప్రమాదం. వాసనా రంగూ మారకుండానే విషం తయారవుతుంది. వెల్లుల్లి నూనె చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా గడ్డకట్టించండి.

ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం మూడూ పులుపు లేనివి. మీరు గుప్పెడు వేస్తే పీహెచ్ ఎంత పెరిగిందో నాలుక చెప్పలేదు. పరీక్షించిన కొలతలున్న వంటకమైతే అక్షరం తప్పకుండా అదే చేయండి, సొంత చేతివాటమైతే సాస్‌ను ఫ్రీజర్‌లో పెట్టండి. పిండి వేసి చిక్కబరచడం కూడా క్యానింగ్‌లో వద్దు, చిక్కటి సాస్ మధ్యలోకి వేడి సరిగా చేరదు. సాదా టమాటా సీసాల్లో పెట్టుకుని, తాలింపూ ఉల్లీ వండే రోజు వేసుకోవడం అన్నిటికంటే తేలిక.

మామూలు కుక్కర్ క్యానర్ కాదు. చిన్న పాత్ర త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. క్యానింగ్ సమయాలు లెక్కకట్టినప్పుడు పెద్ద క్యానర్ వేడెక్కే, చల్లారే వ్యవధిని కూడా కలుపుకునే కట్టారు. కనీసం నాలుగు లీటరు సీసాలు నిలబెట్టగలిగే క్యానరే కావాలి. అది ఉంటే బీన్స్‌కి క్యానర్ మూత మీద 10 పౌండ్ల ప్రెజర్ నిలిపే బరువు పెట్టి అర లీటరుకు 20 నిమిషాలు, లీటరుకు 25 నిమిషాలు. బరువు పెట్టేముందు 10 నిమిషాలు ఆవిరి ధారగా పోనివ్వాలి, లోపల గాలి మిగిలితే ప్రెజర్ వచ్చినా వేడి రాదు. 300 మీటర్ల ఎత్తు పైన 15 పౌండ్ల ప్రెజర్ బరువు. మీ దగ్గర లేదు కాబట్టి చిన్న ఫ్రీజర్‌లో మొదటి హక్కు బీన్స్‌కి ఇవ్వండి.

వాటిని ఉడుకునీళ్ళలో ముంచి తీయకుండా ఫ్రీజర్‌లో పెట్టకండి. చలిలో కూడా ఎంజైములు నెమ్మదిగా పనిచేసి రెండు మూడు నెలల్లో గడ్డి వాసన తెస్తాయి. అర కిలో బీన్స్‌కి 4 లీటర్ల మరిగే నీళ్ళు. వేసిన నిమిషంలోపు నీళ్ళు మళ్ళీ తెర్లాలి, తెర్లకపోతే బీన్స్ ఎక్కువ వేశారన్నమాట. 3 నిమిషాలు ఉంచి, ఐసు నీళ్ళలో మరో 3 నిమిషాలు. నీళ్ళు పూర్తిగా ఆరనిచ్చి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించాక సంచిలోకి మార్చండి. క్యాప్సికంకి ఈ తతంగం అక్కర్లేదు, గింజలు తీసి తరిగి నేరుగా ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. కరిగాక మెత్తబడుతుంది కాబట్టి వంటకే, పచ్చిగా తినడానికి బాగుండదు.

---

చల్లగది:

పచ్చి టమాటాలను న్యూస్‌పేపర్‌లో చుట్టే విషయంలో మడిగట్టు గారితో ఏకీభవించను. చుట్టిన కాయ కుళ్ళితే బయటికి కనిపించదు, పెట్టె అడుగు తడిసేదాకా తెలియదు. పెట్టెలో కాగితం పరిచి, విడిగా ఉంచి, రెండు మూడు రోజులకోసారి చూసుకోవడమే మేలు.

ఇక సర్దకుండా ఉంచినవి. ఒకే గదిలో అన్నీ పెట్టేయాలని చూడకండి, ఒక్కోదానికి కావలసింది వేరు.

గుమ్మడిని తొడిమ 5 నుంచి 10 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించండి. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, అది ఊడితే ఆ గుంతలోంచే కుళ్ళు మొదలవుతుంది. 27 డిగ్రీల ప్రాంతంలో 10 రోజులు ఆరబెడితే తోలు గట్టిపడి గీతలు మానతాయి. గోటితో నొక్కితే దిగకూడదు, అదీ గుర్తు. తర్వాత 10 నుంచి 13 డిగ్రీల్లో, పొడిగా, ఒకదానికొకటి తగలకుండా. ఫ్రిజ్ చలి వీటికి కూడా పడదు. గీత పడిన కాయను ముందు వండేయండి. ఉడికించిన గుమ్మడి గుజ్జును సీసాల్లో క్యానింగ్ చేయడం ప్రెజర్ క్యానర్ ఉన్నా కూడా వద్దు, చిక్కదనం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి దానికి నమ్మదగిన సమయం లేదు. గుజ్జైతే ఫ్రీజర్‌లోకే.

ఉల్లి రెండు నుంచి నాలుగు వారాలు నీడలో, గాలి ఆడేచోట ఆరాలి. మెడ దగ్గర వేళ్ళతో నులిమితే తడి తగలకూడదు. మెడ లావుగా, పచ్చిగా ఉండిపోయినవి నిలవవు, వాటిని వేరు చేసి ముందు వాడండి. ఆరాక చల్లగా, పొడిగా, వలసంచిలో.

ఆలుగడ్డకు దీనికి పూర్తిగా వ్యతిరేకం, తేమ కావాలి. మట్టి దులపండి, కడగొద్దు. 10 నుంచి 16 డిగ్రీల్లో చీకట్లో రెండు వారాలు ఉంచితే దెబ్బలు మానతాయి. తర్వాత 4 నుంచి 7 డిగ్రీలు. 4 కంటే దిగితే పిండి చక్కెరగా మారి, వేయించినప్పుడు నల్లబడుతుంది. వెలుతురు తగిలితే పచ్చబడి సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, అంత భాగాన్నీ మందంగా చెక్కేయాలి, బాగా పచ్చబడితే పారేయాలి. ఉల్లిని, ఆలుగడ్డను పక్కపక్కన పెట్టొద్దు, ఆలుగడ్డ తేమకు ఉల్లి మొలకెత్తుతుంది. యాపిల్స్ ఉంటే వాటిని అన్నిటికీ దూరంగా ఉంచండి. ఇథిలీన్ పచ్చి టమాటాను పండించినట్టే క్యారెట్‌ను చేదెక్కిస్తుంది.

క్యారెట్ తవ్వాక ఆకును సెంటీమీటరు పైన కోసేయాలి. ఆకు ఉంటే దుంపలోని నీళ్ళన్నీ లాగేస్తుంది. చేత్తో పిడికిలి పడితే ఉండకట్టేటంత, నీళ్ళు కారనంత తడి ఉన్న ఇసుకలో పొరలు పొరలుగా పెట్టి, సున్నా నుంచి 4 డిగ్రీల చోట ఉంచండి. నెలల తరబడి కరకరలాడుతూ ఉంటాయి. అంత చల్లటి చోటు లేకపోతే తవ్వకుండా మడిలోనే ఉంచి పైన 30 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి కప్పండి, నేల గడ్డకట్టేదాకా కావలసినప్పుడల్లా తవ్వుకోవచ్చు.

---

ఉప్పుజాడీ:

క్యాబేజీకి ఫ్రీజర్ ఎందుకు? పులియబెట్టండి. కిలో తరుగుకు 22 నుంచి 25 గ్రాముల ఉప్పు, తూకం వేసే కలపండి. చెంచా లెక్క నమ్మకండి, ఒక్కో రకం ఉప్పు గరుకును బట్టి చెంచాలో పట్టే బరువు మారుతుంది. అయోడిన్ కలపని ఉప్పు అయితే మంచిది. నీళ్ళు ఊరేదాకా పిసికి జాడీలో గట్టిగా అదమండి. ఊరిన నీళ్ళు తరుగు పైకి రావాలి, పైన బరువు పెట్టాలి. నీళ్ళ పైకి తేలిన ముక్కకే బూజు పడుతుంది.

18 నుంచి 22 డిగ్రీల్లో మూడు నాలుగు వారాలు. 24 దాటితే మెత్తబడుతుంది, 15 కంటే దిగితే సరిగా పులియకపోవచ్చు. మెత్తబడటానికి ఇంకో కారణం ఉప్పు తగ్గడం, గులాబీ రంగు తిరిగితే ఉప్పు ఎక్కువైందని గానీ సమంగా కలవలేదని గానీ అర్థం. జిగురు, చెడు వాసన వస్తే మొత్తం పారేయాలి. మూత బిగించొద్దు, వాయువు పోవాలి. అయ్యాక ఫ్రిజ్‌లోకి.

---

మడిగట్టు:

కాగితం విషయం ఒప్పుకుంటున్నాను, పెట్టెను తరచూ తిరగేసే ఓపిక ఉన్నవాళ్ళకే చుట్టడం.

కోత అయ్యాక మడిని అలా వదిలేయకండి. టమాటా ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, కాండం మీద నల్లచారలు ఉన్న తీగలను కంపోస్టులో వేయొద్దు. ఇంటి కంపోస్టు కుప్ప తెగులును చంపేంత వేడెక్కదు. మచ్చ లేనివి వేసుకోవచ్చు. బీన్స్ మొక్కలను వేళ్ళతో సహా పీకకుండా మొదలు దగ్గర కోసేయండి, వేళ్ళు నేలలోనే కుళ్ళి ఎరువవుతాయి.

ఖాళీ అయిన మడిలో వెల్లుల్లి పెట్టడానికి ఇదే అదను. నేల గడ్డకట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు నాటాలి. మరీ ముందు పెడితే ఆకు పైకి వచ్చి చలికి మాడుతుంది, ఆలస్యమైతే వేరు పట్టదు. గడ్డలోని పెద్ద రెబ్బలే ఎంచుకోండి, చిన్నవి వంటకు. రెబ్బ మీది పొర ఊడకుండా, మొన పైకి ఉండేలా 5 సెంటీమీటర్ల లోతున, 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో గుచ్చండి. పైన 10 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి. రాలిన ఆకులు కప్పాలనుకుంటే ముందు వాటిని ముక్కలు చేయండి. వెడల్పాటి ఆకులు తడిసి ఒకదానికొకటి అంటుకుపోతే నీళ్ళూ గాలీ కిందికి దిగవు, వసంతంలో మొలక కూడా వాటిని చీల్చుకుని రాలేదు.

తోటకు నీళ్ళు పట్టే పైపు విప్పి, లోపలి నీళ్ళు ఒంపేసి చుట్టి పెట్టండి. బయటి కుళాయికి ఇంటి లోపలి వైపు వాల్వ్ ఉంటే మూసేసి, బయటి కుళాయిని తెరిచి ఉంచండి, మిగిలిన నీళ్ళు గడ్డకట్టినా గొట్టం పగలదు.